హులిగెప్ప చేసిన బుష్షు

బళ్లారి మొత్తం మీద లేత్ మిషన్ గురించి మౌనేష్‌కు తెలియని సంగతి లేదు. ఈ మాట మౌనేషే చెప్పాడు కాబట్టి అనుమానించాల్సిన పని లేదు. విజయదశమి మరుసటి రోజు పొద్దున, మామ హంపన్న అంగడి ముందు టీ గ్లాసు పట్టుకుని నిలబడి, "ఇనుము కానీ ఇత్తడి కానీ, నా చేతికి రావల్ల అంతే. వెన్నపూస కోసినట్ల కోసి పెడతా. మామ కూడా అప్పుడప్పుడు తప్పు చేస్తాడేమో, నాకాడ ఆ మాటే లేదు" అని అక్కడున్న ముగ్గురికీ వినిపించేట్టు ప్రకటించాడు. ఆ ముగ్గురిలో ఒకడు టీ తెచ్చినవాడు, ఖాళీ గ్లాసు కోసం ఆగాడు. ఇంకొకటి కుక్క. మూడో మనిషి రుద్రమ్మ. నమ్మింది రుద్రమ్మ ఒక్కతే.

అప్పటికి మౌనేష్ లేత్ నడిపింది మూడంటే మూడుసార్లు. అందులో రెండుసార్లు కరెంటు లేదు. మూడోసారి ఉంది గనకనే మామ పరిగెత్తుకొచ్చి ఆపేశాడు.

మౌనేష్‌కు ఇరవై ఒక్క ఏళ్లు. డిగ్రీ రెండో ఏట కాలేజీకీ వాడికీ అభిప్రాయభేదం వచ్చింది. కాలేజీ పరీక్షలు రాయమంది. అంతటితో కాలేజీని వదిలేసి, సంగనకల్లు పోయే రోడ్డు పక్కన మేనమామ నడిపే లేత్ అంగట్లో పనికి కుదిరాడు. అంగడంటే ఒక రేకుల షెడ్డు, ఒక డ్రిల్లింగ్ మిషన్, ఒక సానరాయి, వాటి మధ్య పీటల మీది పెళ్లికూతురిలా ఒకే ఒక్క పాత లేత్. దాని పని వినడానికి చిన్నదే. మూడు దవడలున్న గుండ్రటి మూతి ఒకటి ఉంటుంది, దాన్ని చక్ అంటారు. లోహపు ముక్కను ఆ దవడల మధ్య బిగిస్తే అది గిరగిరా తిప్పుతుంది. పక్కనుంచి పదునైన టూల్ వచ్చి ఆ ముక్కను గోకుతుంది. ఎంత కావాలంటే అంత గుండ్రంగా, అంత సన్నంగా చేసి పెడుతుంది. హంపన్న మటుకు దాన్ని చక్ అనడు. "తల్లి నోరు" అంటాడు.

ఆర్నెల్లుగా ఆ తల్లికి మౌనేష్ చేస్తున్న సేవ చీపురుతో. కింద రాలిన ఇనుప చుట్టలు ఊడ్చడంలో వాడు సాధించిన నేర్పు గురించి చాలా చెప్పుకోవచ్చు గానీ వాడికి ఆ ప్రస్తావన నచ్చదు.

చీపురు పక్కన పెట్టిన వేళల్లో వాడు శంకరనారాయణ మేష్ట్రు శిష్యుడు. ఈ సంగతి మేష్ట్రుకు తెలియదు. ఆయన ఏదో ట్రైనింగ్ స్కూల్లో నలభై ఏళ్లు లేత్ పని నేర్పి రిటైరయ్యారు. ఇప్పుడు కంటోన్మెంట్‌లో ఇంటి వెనక గదిలో చిన్న లేత్ పెట్టుకుని, ఎదురుగా ఫోన్ నిలబెట్టి, సగం తెలుగు సగం కన్నడంలో పాఠాలు చెప్పి యూట్యూబ్‌లో పెడుతుంటారు. మధ్యమధ్య వంటింట్లోంచి కుక్కర్ కూడా ఒక మాట వేస్తుంది. ఏ పాఠమైనా సరే, మొదటి పది నిమిషాలూ ఆయన ఏమీ కోయరు. గుడ్డ తీసుకుని చక్ తుడుస్తారు. ఒక్కో దవడా విడివిడిగా తుడుస్తారు. ముక్క బిగించి, చేత్తో తిప్పి చూసి, నచ్చక విప్పేసి, మళ్లీ తుడుస్తారు. "నోడప్పా, తొందరేముండాది" అంటారు, అంటే చూడప్పా అని.

మౌనేష్‌కు తొందర ఉంది. తుడిచే భాగం రాగానే వేలితో ముందుకు నెట్టేసేవాడు. మిగిలినదాన్ని రెండింతల వేగంతో చూసేవాడు. ఆ వేగంలో మేష్ట్రు గొంతు చెంబులో పడ్డ దోమలా ఉండేది. లెక్క చూస్తే, మేష్ట్రుది నలభై ఏళ్ల అనుభవం. రెండింతల వేగంతో చూస్తే ఇరవై ఏళ్లలో అయిపోవాలి. మౌనేష్ తుడిచే భాగాలు, మాట్లాడే భాగాలు, జాగ్రత్తలు చెప్పే భాగాలు తీసేశాడు కాబట్టి మూడు వారాల్లో ముగిసింది.

ఇక రుద్రమ్మ సంగతి. ఆమెది రెండు సందుల అవతల పిండి గిర్నీ. మొగుడు పోయాక దాన్ని తనే నడుపుకుంటూ కూతురు అంబికను చదివిస్తోంది. ముందురోజు సాయంత్రం గిర్నీ గడగడా వణికి ఆగిపోయింది. ఇరుసు కూర్చుని తిరిగే గన్‌మెటల్ అనే కంచు గొట్టం ముక్క అరిగిపోయింది. దాన్నే బుష్షు అంటారు. ఆ అరిగిన బుష్షును కొంగులో కట్టుకుని పొద్దున్నే హంపన్న కోసం వస్తే ఆయన లేడు. దోణిమలైలో అన్న ఇంటికి దసరా బన్ని ఆకు, అదే జమ్మి ఆకు, ఇచ్చి కాళ్లకు మొక్కి రావడానికి పోయాడు.

"రేపుగానీ రాడంట గదప్పా!" అని రుద్రమ్మ గడప మీదే కూలబడింది. "జొన్నల డబ్బాలు గుమ్మం దాకా లైన్లో ఉండాయి. ఎనకసందులో కొత్త గిర్నీ పెట్టినాడు చూసినావా, రంగు లైట్లేసి? సాయంత్రం లోపల నాది తిరగకపోతే జనం డబ్బాలెత్తుకోని ఆడికే పోతారు. ఒకసారి డబ్బా ఆ పక్క పొయ్యిందంటే మల్ల ఈ పక్కకు రాదు. ఆ గిర్నీ ఒకటి తప్ప నాకేముండాదప్పా?"

సరిగ్గా ఆ సమయంలోనే మౌనేష్ తన వెన్నపూస మాట అన్నది.

రుద్రమ్మ కళ్లు తుడుచుకుంది. "నిజంగా చేస్తావా మౌనేశా?"

"మధ్యాన్నానికి చేతిలో పెడతాక్కా."

"మీ మామ ఏమీ అనడు గదా?"

"ఏమంటాడు? సంతోషపడతాడు."

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఆయుధపూజ రోజు హంపన్న లేత్‌కు తలంటినంత పని చేస్తాడు. నూనె గుడ్డతో ఒళ్లంతా తోముతాడు, విభూతి పట్టెలు పెడతాడు, చామంతి దండ వేస్తాడు, గుమ్మడికాయ పగలగొడతాడు. చివర్లో, "ఏడాదంతా ఇనుమే తింటివి గదమ్మా" అంటూ మెత్తటి కొత్త బెల్లం ముద్ద తీసుకుని చక్ దవడలకు లోపలి పక్క రాస్తాడు. తల్లి నోరు తీపి చేయడం అన్నమాట. వాళ్ల నాన్న కాలం నుంచీ ఆ ఇంటి పద్ధతి అది. ఆ తర్వాత ఎవరూ ముట్టుకోకూడదు. పండగ అయ్యాక హంపన్నే వచ్చి, కర్పూరం వెలిగించి, "ఇంగ లేమ్మా, పనుండాది" అని అడిగి, వేడినీళ్ల గుడ్డతో దవడలు కడిగి, అప్పుడు స్విచ్ వేస్తాడు. పోయేటప్పుడు కూడా చెప్పి పోయాడు. "మౌనేశా, నేనొచ్చేదాకా తల్లి మీద చెయ్యి పడగూడదు."

మౌనేష్ ఆలోచించాడు. కర్పూరం వెలిగించాడు. "ఇంగ లేమ్మా, పనుండాది" అన్నాడు. వేడినీళ్ల భాగం మటుకు వేలితో ముందుకు నెట్టేశాడు.

అంగట్లో గన్‌మెటల్ ముక్క ఒకే ఒకటి ఉంది. ఆ ముక్క అమ్మే అంగళ్లన్నీ పండగకు మూసి ఉన్నాయి, సోమవారం గానీ తీయరు. కుంకుమ తట్టకు ఫోన్ ఆనించి బుష్షు పాఠం పెట్టాడు. రుద్రమ్మ స్టూల్ మీద కూర్చుని చేతులు జోడించుకుంది. మిషన్‌కో మౌనేష్‌కో తెలియలేదు.

ముందు ముక్క బయటి పక్క గుండ్రం చేయాలి. మౌనేష్ టూల్ తాకించాడు. అది కిర్రుమంది. మౌనేష్ కూడా అన్నాడు. బంగారం రంగు పొట్టు జల్లులా వచ్చి మెడలో పడింది. అది కాలుతుందని మేష్ట్రు చెప్పే ఉంటారు, జాగ్రత్తలు చెప్పే భాగంలో. అయినా తట్టుకున్నాడు. వెంట్రుకవాసి చొప్పున కోస్తూ, ప్రతి కోతకూ మిషన్ ఆపి, కొలిచి, చెమట తుడుచుకుని, మళ్లీ కోశాడు. ముక్క అసలు కొలతకు దగ్గరపడే కొద్దీ కోయడం కంటే కొలవడమే ఎక్కువయింది. ఉండేది ఒక్క ముక్క. ఇంకో కోత ఎక్కువ పడితే గోవిందా. అందుకని కాస్త లావుగా ఉండగానే చెయ్యి తీసేశాడు. ఆ మిగిలిందాన్ని ధైర్యం వచ్చాక కోసుకోవచ్చులే అనుకున్నాడు. ధైర్యం వస్తుందనే నమ్మకం వాడికి గట్టిగా ఉంది. ఎప్పుడన్నదే తెలియదు.

తర్వాత ముక్కను తిప్పి బిగించి, నడుమ రంధ్రం చేశాడు. ఇది సాఫీగా జరిగిపోయింది. ముక్క తిరుగుతున్నప్పుడు కొంచెం ఊగినట్టు అనిపించింది గానీ, పొద్దున టిఫిన్ తినలేదు కదా, తన తలే తిరుగుతోందేమో అనుకున్నాడు.

బుష్షు బయటికి తీసి రుద్రమ్మ చేతిలో పెట్టాడు. తళతళా మెరుస్తోంది. రుద్రమ్మ ఆ పక్కకూ ఈ పక్కకూ తిప్పి చూసింది. పిండి ఆడించే మనిషికి మందం, పలచన వేళ్లకే తెలుస్తాయి.

"ఇదేంది మౌనేశా, ఈ పక్క రొట్టె మందం ఉండాది, ఆ పక్క దోసె మందం ఉండాది?"

మౌనేష్ చూశాడు. నిజమే. రంధ్రం నడిమధ్యలో లేదు. ఒక పక్కకు జరిగి కూర్చుంది, బస్సులో కిటికీ పక్క సీటు కోసం జరిగినట్టు.

"అది అట్లనే ఉండల్లక్కా," అన్నాడు. "ఇప్పుడొచ్చేవన్నీ ఇట్లనే. బ్యాలెన్స్ కోసం."

"ఓ! అట్లనా!" రుద్రమ్మ ముఖం విప్పారింది. రెండోసారి కూడా నమ్మింది. అలాంటి మనిషిని మోసం చేయడం ఎంత సులువో, చేశాక నిలబడడం అంత కష్టం. "ఆ కొన చివర్లో కొంచెం పని మిగిలుండాదక్కా, ఈడ్నే కూచో" అని మౌనేష్ బుష్షునూ ఫోన్‌నూ తీసుకుని షెడ్డు వెనక్కు పోయాడు.

వాడు అటు పోగానే రుద్రమ్మ, మంచి మనసుతో, హంపన్నకు ఫోన్ చేసింది. "మీ అల్లుడు బంగారమప్పా! తనే మిషనెక్కి బుష్షు చేసి పెట్టినాడు!" అని పొగిడింది. అవతల హంపన్న టక్కున ఫోన్ పెట్టేశాడట. ఆనందం పట్టలేక పెట్టేశాడేమో అనుకుంది. ఆయన అప్పటికే అన్న ఇంట్లోంచి బయల్దేరి బళ్లారి బస్సులో ఉన్నాడు, పనులుంటాయని ఒక రోజు ముందే. మిగతా దారంతా సీట్లో కూర్చోకుండా నిలబడే వచ్చాడని తర్వాత తెలిసింది.

షెడ్డు వెనక మౌనేష్ మేష్ట్రు వీడియో కింద ఉన్న నంబరుకు వీడియో కాల్ చేశాడు. తెర మీద తెల్లజుట్టు, గళ్ల చొక్కా, జేబులో పెన్సిలు. అచ్చం పాఠంలో ఉన్నట్టే ఉన్నారు. మాట మటుకు ఒక్కటొక్కటిగా, నింపాదిగా వస్తోంది. పెద్దాయనకు ఒంట్లో బాగలేదేమోనని మౌనేష్ కంగారుపడ్డాడు. ఆయన అసలు వేగం అదేనని తెలుసుకోవడానికి కాసేపు పట్టింది.

"యారప్పా?"

"నమస్కారం సార్. నా పేరు మౌనేష్. సంగనకల్లు రోడ్డులో లేత్ అంగట్లో..." ఇక్కడ వాడి నాలుక ఒక్క క్షణం ఆగింది. "...సీనియర్ను సార్."

"సంతోషమప్పా. ఏమయింది?"

"మా కాడ ఒక బుష్షు తప్పొచ్చింది సార్. రంధ్రం పక్కకు పోయింది."

"నువ్వే చేసినావా?"

"యే, నేనెందుకు చేస్తా సార్!" అన్నాడు మౌనేష్, నొచ్చుకున్నట్టు. "ఈడ హెల్పర్ ఒగాయన ఉండాడు. హులిగెప్ప అని."

హులిగెప్ప అలా పుట్టాడు. పుట్టేనాటికి వయసెంతో ఇంకా తెలియదు.

"చక్ చూపించు" అన్నారు మేష్ట్రు. మౌనేష్ ఫోన్ పట్టుకుని షెడ్డులోకొచ్చి చక్ ముందు పెట్టాడు. స్టూల్ మీద రుద్రమ్మ ఏదో గొప్ప సంగతి జరుగుతోందని మెడ చాచింది. మౌనేష్ ఆమెకు వీపు తిప్పి, మాటలు వినపడకుండా గొంతు తగ్గించాడు.

మేష్ట్రు కళ్లద్దాలు సర్దుకున్నారు. చాలాసేపు చూశారు. "అప్పా, ఆ దవడల మీద నడుస్తాండేదేంది?"

"చీమలు సార్."

"లేత్ మీద చీమలకేం పని?"

"బెల్లం ఉండాది సార్. ఆయుధపూజకు నోరు తీపి చేస్తారు."

అవతల కుక్కర్ కూడా ఆగింది. "మూడు దవడలకూ సమానంగా రాసినారా?"

"పై దవడకు రవ్వంత ఎక్కువ సార్. మా మామ... మా ఓనరు కుడిచెయ్యి మనిషి."

"నోడప్పా, బెల్లం ఎండితే రాయి లెక్క అయితాది. ఒక దవడ మీద ఆ మందం ఉండాక, ముక్క అంత పక్కకు జరిగి బిగుసుకుంటాది. నువ్వు చేసే రంధ్రం నడుమ యాడుంటాది? మొదలు తుడవల్ల. పది నిమిషాలు చెప్తా గదప్పా ప్రతి పాఠంలో!"

"నేనూ అదే చెప్తాంటా సార్ హులిగెప్పకు! వింటే గదా!" అన్నాడు మౌనేష్. అబద్ధం చెప్తున్నట్టు అనిపించలేదు. హులిగెప్ప మీద వాడికి నిజంగానే కోపం వచ్చింది.

"ఆయన వీడియో చూడలేదా?"

"చూసినాడు సార్. రెండింతల స్పీడులో, తుడిచేది వదిలిపెట్టి. అంత పనికిమాలినోడు. పని రాదు గానీ మాటలు చూడల్ల, బళ్లారిలో నా అంతోడు లేడంటాడు."

"వయసెంత?"

"అరవై ఐదు సార్" అన్నాడు మౌనేష్. కుర్రవాడు అంటే మేష్ట్రు పిలిచి రెండు తిడతారేమోనని భయం. ముసలివాడైతే వదిలేస్తారు.

మేష్ట్రు వదల్లేదు. "అరవై ఐదా! ఆ వయసులో లేత్ కాడ నిలబడతాండాడా? చూపు బాగుండాదా?"

"యాడిది సార్. రెండు కండ్లకూ పొర. చెయ్యి పట్టుకోని తీసుకొచ్చి మిషన్ ముందర నిలబెట్టల్ల."

"అయ్యో! ఇంట్లో ఎవురూ లేరా?"

"ఎవురూ లేరు సార్. ఈ షెడ్డులోనే పండుకుంటాడు. చెవులు కూడా వినపడవు." ఇంకా ఏమన్నా తగ్గిద్దామా అని మౌనేష్ చూశాడు గానీ హులిగెప్ప దగ్గర తీసుకోవడానికి ఇంకేం మిగల్లేదు.

మేష్ట్రు కళ్లద్దాలు తీసి చొక్కా కొసతో తుడుచుకున్నారు. తర్వాత పని మాటకు వచ్చారు. "సరే, బుష్షు సంగతి చూద్దాం. బయటి కొలత మీద ఏమన్నా మిగిలుండాదా? మిగిలింటే ఉపాయముండాది. రంధ్రాన్నే ఆధారం చేసుకోని బిగించి, బయట మల్ల కోస్తే రంధ్రం నడుమకొచ్చేస్తాది."

సరిగ్గా అడగాల్సిన ప్రశ్న అడిగారాయన. ఉన్నది ఉన్నట్టు చెబితే పని అయిపోయేది. కానీ సీనియర్ అన్నవాడు బయటి కొలత ముగించకుండా భయపడి వదిలేశాడని ఎలా చెప్పడం?

"లేదు సార్. బయటంతా నేనే ముగించినా. వెంట్రుకంత తేడా లేదు. అంతవరకు నా చెయ్యి. రంధ్రమొక్కటే హులిగెప్పది."

"అట్లయితే బేకారప్పా. దాన్ని పారేసి వేరే ముక్క తీసుకో."

మౌనేష్ ఫోన్ పెట్టేసి గుట్టుగా తనే సరిచేద్దామనుకున్నాడు. కానీ రంధ్రాన్ని ఆధారం చేసుకుని బిగించడం ఎలా? ఆ పాఠం ఉండే ఉంటుంది. వాడు నెట్టేసిన భాగంలో.

"ఇంకో మాట," అన్నారు మేష్ట్రు. గొంతు మారింది. "మీ ఓనరుకు ఇయ్యి ఫోను."

"ఓనరు ఊర్లో లేరు సార్."

"ఎవురితో మాట్లాడతాండావురా?" అని వెనకనుంచి వినబడింది. గుమ్మంలో హంపన్న నిలబడి ఉన్నాడు. భుజాన సంచి, చేతిలో చెప్పులు. లేత్ వైపు చూశాడు. దండ తెగి కింద పడి ఉంది. చక్ కింద బంగారం రంగు పొట్టు.

రుద్రమ్మ ఎదురెళ్లింది. "వచ్చినావా హంపన్నా! వీడియోలో యారో పెద్ద మేష్ట్రు కూడా వచ్చినాడు, మన మౌనేష్ పని చూసేదానికి!"

"ఆయనేనా ఓనరు?" అంది ఫోను. "ఈ పక్క తిప్పప్పా ఫోను. నమస్కారమప్పా. నా పేరు శంకరనారాయణ. నేను ఎవురి మీదా కోపగించే మనిషిని కాదు. కానీ నీకు మనసుండాదా?"

హంపన్న అటూ ఇటూ చూశాడు. ఆయన జీవితంలో ముక్కూ మొహం తెలియని మనిషి ఫోన్లోంచి ఇలా అడగడం అదే మొదలు. "ఏందండీ?"

"రెండు కండ్లూ కనపడని ముసలాయన్ను, చెవులు వినపడనోన్ని, తిరిగే మిషన్ ముందర నిలబెడతావా? చెయ్యి పోతే ఎవురిది బాధ్యత? కంటోన్మెంట్‌లో కండ్ల డాక్టరొకాయన నాకు తెలిసినాయన. నేనే ఆటో ఎక్కి వస్తా. ఆ హులిగెప్పను పిలువు."

"హులిగెప్ప ఎవురండీ?"

"నీ అంగట్లో పండుకునే మనిషి పేరు కూడా నీకు తెలీదా! ఎట్లాంటోడివప్పా నువ్వు!"

హంపన్న మెల్లగా మౌనేష్ వైపు తిరిగాడు. మౌనేష్ చీపురు వైపు చూశాడు. ఆ సమయంలో అది చాలా మంచి పరికరంలా కనబడింది.

హంపన్న తిట్టలేదు. ముందు రుద్రమ్మ చేతిలోని పాత బుష్షునూ, మౌనేష్ చేతిలోని కొత్తదాన్నీ తీసుకున్నాడు. కొత్తదాని అంచు మీద బొటనవేలు తిప్పాడు. రొట్టె దగ్గర ఒకసారి, దోసె దగ్గర ఒకసారి ఆగాడు.

"బయట పూరా ముగించినాడంట," అన్నారు మేష్ట్రు ఫోన్లోంచి. "మిగిలింటే సరిచేసేటోల్లం. ఇప్పుడు చేసేదేమీ లేదు."

అంత పెద్దాయన చెప్పాక హంపన్న కొలిచి చూడాల్సిన పని ఏముంది? బుష్షును తుక్కు డబ్బాలో వేశాడు. టంగుమంది. "సోమారం దాకా ముక్క దొరకదక్కా," అన్నాడు రుద్రమ్మతో, తలెత్తకుండా. "ఈడుండేది అదొక్కటే. వీన్ని నేనేం చేస్తానో తర్వాత చూద్దువు. నీకు మటుకు నా తప్పే."

రుద్రమ్మ  కొంగు దులుపుకుని, చిన్న ఫోన్ తీసి కూతురికి చేసింది. "అంబికా... ఊఁ. కాలేదమ్మా. డబ్బాలు ఎవురివి వాళ్లకు ఇచ్చేయి. కొత్త గిర్నీ కాడికి పోతామంటే పోనీ... ఏం చేస్తాం. ముందర ఆ పెద్ద డబ్బా ఉండాది చూడు, అవ్వది, ఆమె మోయలేదు, నువ్వే మోసుకోని పోయి ఆడ పెట్టి రా."

మౌనేష్ ఇంతవరకు చాలా మాటలు చెప్పాడు, ఒక్కటీ గొంతుకు అడ్డం పడలేదు. ఇప్పుడు చెప్పాల్సింది చిన్న మాటే. అది మటుకు గన్‌మెటల్ ముక్కలా అడ్డం పడింది.

"అక్కా," అన్నాడు. "ఫోన్ పెట్టద్దు. అంబికను ఆగమను."

"ఏమప్పా?"

మౌనేష్ తుక్కు డబ్బాలో చెయ్యి పెట్టి, వేలు కోసుకుని, బుష్షు బయటికి తీశాడు. "మామా, కొలువు ఒకసారి. బయట."

"మేష్ట్రు చెప్పినారు గదరా, ముగించినావంట."

"ముగించలేదు. చూడు మామా."

హంపన్న మందం కొలిచే వెర్నియర్ తీసి పట్టాడు. పాత బుష్షుకు పట్టాడు. మళ్లీ కొత్తదానికి పట్టాడు. "రెండు మిల్లీలు లావుండాది" అన్నాడు, తనలో తాను చెప్పుకున్నట్టు. పై దవడ మీద ఎండిన బెల్లం పెచ్చును ఊడబెరికి, దాని మందమూ కొలిచాడు. పెదాలు కదిలాయి. "సరిపోతాది. సరిపోయి ఇంకా రవ్వంత మిగులుతాది." అంటూనే సంచి కింద పడేసి, చొక్కా గుండీలు విప్పుతూ మూలనున్న పొయ్యి వైపు చూశాడు. "నీళ్లు కాగబెట్టు. దవడలు కడగల్ల."

రుద్రమ్మ ఫోన్లో, "అంబికా, ఇయ్యద్దు! ఒక్క డబ్బా కూడా కదలనీయద్దు! అవ్వను కూచోబెట్టు, టీ ఇయ్యి!" అని అరిచింది.

మౌనేష్ నీళ్ల కోసం తిరిగాడు. అంతా సద్దుమణిగిందనే అనుకున్నాడు. స్టూల్ మీద పెట్టిన ఫోన్లో మేష్ట్రు ఇంకా ఉన్నారు. నింపాదిగా, ఒక్కొక్క మాటా వేరుచేసి పెట్టినట్టు అడిగారు.

"ఒక్క నిమిషమప్పా. బయట వెంట్రుకంత తేడా లేకుండా నేనే ముగించినా అంటివి. ఇప్పుడు రెండు మిల్లీలుండాది అంటాండారు. ఎట్లొచ్చింది?"

"కోయలేదు సార్."

"ఎందుకు కోయలేదు?"

హంపన్న చేతులు ఆగాయి. రుద్రమ్మ ఫోన్ చెవి దగ్గర్నుంచి తీసింది.

"భయమయింది సార్. ముక్క ఒక్కటే ఉండాది గదా. ఇంగొక కోత పడితే పోతాదేమోనని ఆపేసినా."

"ఎవురికప్పా భయమయింది? హులిగెప్పకా?"

బెల్లం మీది చీమలు ఒక వరసలో దిగిపోతున్నాయి. మౌనేష్ వాటినే చూస్తూ నిలబడ్డాడు.

"హులిగెప్ప లేడు సార్," అన్నాడు. "ఎప్పుడూ లేడు. నాకే."